గ్రంథరక్షకులు శ్రీ వేదాంతదేశికులు

తెలుగునాట శ్రీవైష్ణవ గృహములలో శ్రీ వేదాంతదేశికుల పేరు విననివారు అరుదు. పిల్లలకు అక్షరాభ్యాసమైన పిమ్మట హయగ్రీవస్తోత్రము నేర్పుదురు. తిరుమల యాత్రకు బయలుదేరినవారు దయాశతకమును మననము చేసికొనుచు కొండ ఎక్కుదురు. శ్రీస్తుతి, గరుడదండకము, రఘువీరగద్యము పెక్కు ఇండ్లలో నిత్యపారాయణమున నున్నవి. ఇంతమాత్రముచేత ఆ మహనీయుని ఎరిగితిమని తలచుట సహజమే. కాని దేశికులు శతాధిక గ్రంథకర్తలు. సంస్కృతమున, ప్రాకృతమున, తమిళమున, మణిప్రవాళమున వారు గ్రంథములు రచించిరి. వానిలో స్తోత్రములు 28 మాత్రమే. తక్కినవి తర్కము, మీమాంస, వేదాంతము, కావ్యము, నాటకము, నీతి, ఆచారము అను వివిధ విషయములకు చెందినవి. వీనిలో పెక్కింటి పేర్లు సైతము నేటి భక్తులకు తెలియవు. స్తోత్రములు నాలుకపై నిలిచినవి. శాస్త్రగ్రంథములు అలమారులలో నిలిచిపోయినవి. అవి ఎట్టి కాలమున పుట్టినవో, వానిని వ్రాసిన చేయి మరియొకరి గ్రంథమును కాపాడుటకై ఎట్టి సాహసము చేసినదో తెలిసికొన్నచో, ఆ అలమారులను తెరువవలెనను కోరిక కలుగక మానదు.

దేశికులు 1268వ సంవత్సరమున, విభవనామ సంవత్సర కన్యామాసమున, శ్రవణా నక్షత్రమున కాంచీపురము చెంతనున్న తూప్పుల్ అను అగ్రహారమున అవతరించిరి. అది తిరుమల శ్రీనివాసుని తిరునక్షత్రము కూడ. తండ్రి అనంతసూరి, తల్లి తోతారంబ. తాత పుండరీకాక్ష సోమయాజి. తల్లిదండ్రులు సంతానార్థమై తిరుమల యాత్ర చేయగా, స్వామి తన ఘంటను ఇచ్చినట్లును, దానిని తోతారంబ మ్రింగినట్లును కల వచ్చెనని పెద్దలు చెప్పుదురు. కావుననే దేశికులను ఘంటావతారముగ కొలుచుట ఆచారమైనది. ఈ విశ్వాసము తరువాతివారు కల్పించినది కాదు. దేశికుల సంకల్పసూర్యోదయ నాటక ప్రస్తావనయందే దీని ప్రసక్తి కలదు. బిడ్డకు వేంకటనాథుడని నామకరణము చేసిరి. వేదాంతాచార్యుడు, కవితార్కికసింహుడు, సర్వతంత్రస్వతంత్రుడు అనునవి పిదప వచ్చిన బిరుదములు.

మేనమామ ఆత్రేయ రామానుజులే వారికి గురువు. వీరినే కిడాంబి అప్పుళ్ళార్ అందురు. న్యాయకులిశము అను గ్రంథమును వీరు రచించిరి. బాలునికి అయిదేండ్లు నిండినపుడు మేనమామ వానిని వెంటబెట్టుకొని కాంచీ వరదరాజస్వామి సన్నిధిలో నడాదూర్ అమ్మాళ్ అను వరదాచార్యులు సాగించుచున్న శ్రీభాష్య కాలక్షేపమునకు వెళ్ళెను. ఆచార్యుడు బాలుని ముఖవర్చస్సును చూచి ముచ్చటపడి పాఠమును ఆపెను. తిరిగి మొదలిడబోగా, ఎచట నిలిపినదియు జ్ఞప్తికి రాలేదు. శిష్యులకును తోచలేదు. అపుడు బాలుడు ఆ స్థలమును చెప్పెను. వృద్ధాచార్యుడు సంతసించి, వేదాంతమును ప్రతిష్ఠింపగలవాడవు కమ్మని ఆశీర్వదించెను. ఈ కథ అందరును ఎరిగినదే. కాని ఆ గోష్ఠిలో సుదర్శనసూరి అను శిష్యుడొకడు ఉండెడివాడను సంగతి తరచుగ చెప్పబడదు. గురువు చెప్పిన శ్రీభాష్య వివరణమును ఆయన చెవులార విని, ఇంటికిపోయి తాటాకులపై వ్రాసికొనెడివాడు. ఆ వ్రాతయే కాలక్రమమున శ్రుతప్రకాశిక అయినది. విన్నదానిని ప్రకాశింపజేయునది అని ఆ పేరునకు అర్థము. ఈ గ్రంథమునకును, ఆ అయిదేండ్ల బాలునికిని దాదాపు అర్ధశతాబ్ది తరువాత ముడిపడవలసియున్నది.

ఇరువది ఏండ్లు నిండునప్పటికి దేశికులు సకలవిద్యలలో ఆరితేరిరి. శ్రీభాష్యమును శిష్యులకు ముప్పది పర్యాయములు ప్రవచించినట్లు వారి నాటకప్రస్తావన తెలుపుచున్నది. ఈ విద్యాభ్యాసఫలము నిండుగ కానవచ్చునది న్యాయపరిశుద్ధి అను గ్రంథమున. ప్రత్యక్షము, అనుమానము, శబ్దము, స్మృతి, ప్రమేయము అను అయిదు అధ్యాయములు ఇందు కలవు. మనకు ఒక విషయము తెలిసినదనుటకు ఆధారమేమి? కన్ను చూచినది ఎంతవరకు నమ్మదగినది? వినికిడి ఎపుడు ప్రమాణమగును? వాదమున న్యాయముగ గెలుచుట ఎట్లు, అన్యాయముగ గెలుచుట ఎట్లు? ఇట్టి ప్రశ్నలను దేశికులు ఇందు పరిశీలించిరి. గౌతముని న్యాయశాస్త్రమును త్రోసిపుచ్చక, వేదాంతమునకు అనుకూలముగ దానిని శుద్ధిచేయుట వారు చేసిన పని. భక్తునికి తర్కముతో పనియేమని కొందరు అనుకొందురు. దేశికులు అట్లు తలపలేదు. నమ్మకమునకు కాళ్ళుండవలెననియే వారి మతము.

న్యాయపరిశుద్ధిని చదువుటకు మరియొక కారణము కలదు. నాథముని న్యాయతత్త్వము, పరాశరభట్టరు తత్త్వరత్నాకరము, వరదనారాయణ భట్టారకుని ప్రజ్ఞాపరిత్రాణము, వరదవిష్ణుమిశ్రుని మానయాథాత్మ్యనిర్ణయము ఇవన్నియు నేడు మూలములు దొరకని గ్రంథములు. తాటాకు చెదలుపట్టినదో, అగ్నికి ఆహుతియైనదో, ఏటిపాలైనదో, మొత్తమునకు పోయినవి. వానిలోని వాక్యములను, అభిప్రాయములను దేశికులు పేరు చెప్పి మరీ ఉదాహరించుటచేతనే పూర్వాచార్యుల ఆలోచనలు కొంతకుకొంత మనకు మిగిలినవి. తన మాటను నెగ్గించుకొనుటకు మాత్రమే గ్రంథము వ్రాయువాడు ఇంతగ ఇతరుల పేర్లు చెప్పడు. దేశికుల గ్రంథములు తెరువనివారు దేశికులను మాత్రమే కాదు, నాథమునిని సైతము కోల్పోవుచున్నారు.

గురువు పరమపదించిన పిమ్మట దేశికులు తిరువహీంద్రపురము చేరి, అచటి ఔషధాద్రిపై గరుడమంత్రమును జపించిరి. గరుత్మంతుడు ప్రత్యక్షమై హయగ్రీవమంత్రమును ఉపదేశించెననియు, హయగ్రీవుని అనుగ్రహముచే వారి వాక్కు పారమెరుగని ప్రవాహమైనదనియు సంప్రదాయము. హయగ్రీవస్తోత్రము ఇచటనే వెలసినది. దేవనాయకస్వామిపై సంస్కృతమున పంచాశత్తును, ప్రాకృతమున అచ్యుతశతకమును, తమిళమున ప్రబంధములను రచించిరి. ఆ ఊరిలో తమ చేతులతో బావిని కట్టిరనియు, తమ రూపమును తామే విగ్రహముగ పోతపోసిరనియు చెప్పుదురు. సర్వతంత్రస్వతంత్రుడను బిరుదము కేవలము శాస్త్రములకు చెందినది కాదని దీని భావము. ఒక భాషలో పండితుడైనవాడు తక్కిన భాషలను చిన్నచూపు చూచుట అప్పుడును కలదు, ఇప్పుడును కలదు. దేశికులకు ఆ దోషము అంటలేదు. నమ్మాళ్వార్ తిరువాయ్‌మొళిని ద్రమిడోపనిషత్తని భావించి, దాని సారమును ద్రమిడోపనిషత్ తాత్పర్యరత్నావళి అను పేర సంస్కృత శ్లోకములలో కూర్చిరి. తమిళము రాని తెలుగు భక్తునికి ఆళ్వారుల హృదయమును తెలిసికొనుటకు ఇంతకంటె నమ్మదగిన త్రోవ లేదు. ఐనను ఎందరి ఇండ్లలో ఈ చిన్న పుస్తకము ఉన్నది?

దేశాటనమున దేశికులు తిరుమల చేరి, శ్రీనివాసుని దయాగుణమునే దేవిగ భావించి దయాశతకమును సమర్పించిరి. తిరుమల భక్తులకు ఇది సుపరిచితమే గనుక విస్తరింపనక్కరలేదు. అదే వేంకటాద్రిని వర్ణించు మరియొక కావ్యము వారిదే కలదు. దానిని ఎరిగినవారు తక్కువ. అది హంససందేశము. కాళిదాసు మేఘమును దూతగ పంపగా, దేశికులు శ్రీరామునిచే హంసను పంపించిరి. హనుమంతుడు సీత జాడ తెలిపిన పిదప, సేన కదలకముందు, మాల్యవంతముపై నిదురలేని రాత్రి గడపిన రాముడు ఉదయమున కొలనిలో రాజహంసను చూచి సీతకు సందేశము చెప్పి పంపును. ఆ హంస దక్షిణముగ పోవు త్రోవలో వేంకటాచలము వచ్చును. కాంచీపురము వచ్చును. కావేరి నడుమ శ్రీరంగస్థలము వచ్చును. ఆ పిమ్మట పాండ్యదేశము, సముద్రము, లంక. అనగా రామాయణకథను ఆధారముగ గొని, దేశికులు తాము నడచిన యాత్రామార్గమునే ఒక పక్షి రెక్కలపై గీసిరి. రెండు ఆశ్వాసముల చిన్న కావ్యమిది. తిరుపతి నుండి కంచికి, కంచి నుండి శ్రీరంగమునకు యాత్ర చేయు కుటుంబము దీనిని చేతబట్టుకొనిన, దారిలోని కొండలును ఏరులును కొత్తగ కనబడును.

కాంచిలో దేశికులు ఉంఛవృత్తితో జీవించిరి. ప్రతిదినము వీధిలో దొరకిన బియ్యముతోనే సంసారము. ఒకనాడు ఎవరో భక్తులు బియ్యములో బంగారు నాణెములు కలిపి వేసిరి. ఇల్లాలు వానిని చూచి ఇవి ఏమని అడుగగా, పురుగులని చెప్పి పుల్లతో ఏరి బయట పారవేసిరని కథ. విజయనగర రాజ్యము 1336వ సంవత్సరమున స్థాపింపబడెను. దాని గురుస్థానమున వెలసిన విద్యారణ్యులు దేశికులకు బాల్యమిత్రులని ప్రతీతి. రాజాస్థానమునకు రమ్మని వారు లేఖ పంపగా, దేశికులు వైరాగ్యపంచకమును ప్రత్యుత్తరముగ పంపిరి. తమ పితృధనము ఇంట లేకున్నను, హస్తిగిరిపై వరదుడను పైతామహధనము కలదని ఆ శ్లోకముల సారాంశము. విద్యారణ్యులు అద్వైతి. దేశికులు విశిష్టాద్వైతి. సిద్ధాంతభేదము మైత్రికి అడ్డు కాలేదని ఈ కథ చెప్పును. గ్రంథములును ఇదే చెప్పుచున్నవి. మాధవాచార్యుల సర్వదర్శనసంగ్రహమున రామానుజదర్శనమును వివరించునపుడు వేంకటనాథుని పేరు చెప్పి, వారి శ్లోకమును ఆధారముగ చూపిరి. దేశికుల యాదవాభ్యుదయము 24 సర్గల కృష్ణకథాకావ్యము. దానికి 16వ శతాబ్దమున వ్యాఖ్య వ్రాసినది శివభక్తుడును అద్వైతియునగు అప్పయ్య దీక్షితులు. అన్యమతస్థులు సైతము ఆదరముతో చదివిన గ్రంథములను సొంతవారు మరచుట వింతయే.

శ్రీరంగమునుండి వేదాంతవాదమునకై పిలుపు రాగా, దేశికులు అచటికి వెళ్ళి పరమతపండితులను జయించిరి. శతదూషణి ఆ వాదముల ఫలము. పేరునుబట్టి నూరు వాదములు ఉండవలెను గాని, ఇపుడు లభించునవి 66 మాత్రమే. ఈ గ్రంథము సామాన్యపాఠకునకు కఠినము. అద్వైతమును చక్కగ ఎరుగనివాడు దీనిని చదివినను ప్రయోజనము స్వల్పము. శ్రీరంగముననే పాదుకాసహస్రము వెలసినది. ఒక్క రాత్రిలో స్వామి పాదుకలపై 1008 శ్లోకములు చెప్పిన ఈ కావ్యమును గూర్చి అందరును విందురు. 32 పద్ధతులలో ఒకటియైన చిత్రపద్ధతిలో, చదరంగపు పటముపై గుఱ్ఱము నడచు క్రమమున అక్షరములను చదివిన ఒక శ్లోకము నుండి మరియొక శ్లోకము వచ్చునని పండితులు ఆశ్చర్యపడుదురు. ఆ ఆశ్చర్యముననే ఆగిపోవుట మాత్రము పొరపాటు. పాదుకలను నెపముగ పెట్టుకొని భరతుని హృదయమును దేశికులు చూపిన భాగములు చదరంగపు శ్లోకముకంటె మిన్నయైనవి.

ఇట్లు పాఠములతోను, వాదములతోను, గ్రంథరచనముతోను కాలము సాగుచుండగా 1323వ సంవత్సరము వచ్చెను. ఆ యేడే ఢిల్లీ సైన్యమును నడపిన ఉలూఘ్‌ఖానుని చేతిలో ఓరుగల్లు కూలినది. కాకతీయ రాజ్యము అస్తమించినది. ఆ సైన్యమే దక్షిణమునకు దిగెను. శ్రీరంగమున ఉత్సవమునకు చేరిన జనము మీద దాడి జరిగెను. స్వామి ఉత్సవమూర్తిని కాపాడుటకై వయోవృద్ధులైన పిళ్ళై లోకాచార్యులు కొలదిమంది శిష్యులతో దక్షిణముగ తరలిపోయిరి. ఆ ప్రయాణకష్టముననే వారు జ్యోతిష్‌కుడి అను గ్రామమున పరమపదించిరి. గర్భాలయమునకు రాతిగోడ కట్టి మూలమూర్తిని మరుగుపరచిరి. మూర్తిని కాపాడువారు కాపాడిరి. ఇక గ్రంథము?

సుదర్శనసూరి అపుడు వృద్ధుడు, నడువలేనివాడు. తాను పారిపోజాలనని ఎరిగి, దేశికులను పిలిచి, తన ఇరువురు కుమారులను, శ్రుతప్రకాశిక తాళపత్రములను వారి చేతిలో పెట్టెను. దేశికులకు అపుడు 55 ఏండ్లు. సైనికులు ముంచుకొనివచ్చిరి. తప్పించుకొను త్రోవ లేకపోయెను. చనిపోయినవారి దేహముల నడుమ, ఆ బాలురతోను ఆ తాటాకుల కట్టతోను దేశికులు రాత్రియంతయు శవమువలె పడియుండిరి. తెల్లవారిన పిదప లేచి, పడమటి త్రోవను కర్ణాటదేశమునకు నడచిరి. సుదర్శనసూరి శ్రీరంగముననే ప్రాణములు విడిచెను. శాస్త్రమునందు ఇంతటి శుచిని పాటించు ఆచార్యుడు శవముల నడుమ దాగుట ఎట్టి పరిస్థితియో ఊహించుకొనవలసినదే. ఆయన వద్ద అప్పటికి తన గ్రంథములు ఎన్నియో ఉండవచ్చును. చరిత్ర చెప్పునది మాత్రము మరియొకరి గ్రంథమును మోసికొనిపోయిరనియే. ఆ రాత్రి ఆ కట్ట పోయియున్నచో, శ్రీభాష్యమునకు నేడు మనకుగల అతివిస్తృతమైన ప్రాచీనవ్యాఖ్య లేకపోయెడిది. ఇప్పటికిని శ్రీభాష్య కాలక్షేపమున సంశయము వచ్చినపుడెల్ల విప్పి చూచునది శ్రుతప్రకాశికనే.

దేశికులు తిరునారాయణపురమునను, సత్యమంగలమునను చాలకాలము ప్రవాసము గడపిరి. శ్రీరంగమునకు భయము తొలగవలెనని రంగనాథుని ప్రార్థించుచు అభీతిస్తవమును రచించినది ఈ ప్రవాసముననే. సుదర్శనసూరి కుమారులకు ఉపనయనము చేసి, విద్య చెప్పిరి. కాపాడి తెచ్చిన గ్రంథమును శిష్యులకు పాఠము చెప్పి వ్యాప్తి చేసిరి. గ్రంథమును పెట్టెలో పెట్టి కాపాడుట వేరు, పాఠము చెప్పి కాపాడుట వేరు. రెండవదానినే దేశికులు రక్షణముగ ఎంచిరి.

రక్ష అను మాట వారి గ్రంథముల పేర్లలోనే పలుమారులు వచ్చును. సచ్చరిత్రరక్ష, నిక్షేపరక్ష, రహస్యరక్ష, శ్రీపాంచరాత్రరక్ష. దేవాలయములను సేవించు యాత్రికులు తప్పక తెలిసికొనవలసినది ఈ చివరిది. ఇందలి మూడు అధికారములలో మొదటిది ఆగమసిద్ధాంతములను గూర్చినది. ఏ ఆలయమున ఏ పద్ధతిని ఆరాధన ఆరంభమైనదో ఆ పద్ధతినే కాపాడవలెననియు, ఒకదానిని మరియొకదానితో కలగాపులగము చేయరాదనియు దేశికులు నిర్ణయించిరి. తిరుమలలో వైఖానసము, తిరుచానూరున పాంచరాత్రము పక్కపక్కనే నేటికిని నిలిచియుండుటను చూచినవారికి ఈ మాట విలువ తెలియును. తక్కిన అధికారములలో వైష్ణవుని దినచర్య వివరింపబడినది. దినమును అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము అని అయిదు భాగములుగ విభజించిరి. ఉదయమున స్వామిని సమీపించుట, పూజాద్రవ్యములను న్యాయముగ సంపాదించుట, ఆరాధించుట, సద్గ్రంథములను చదువుట, రాత్రి స్వామియందు మనస్సు నిలుపుట. ఈ అయిదింటిలో నాలుగవదానికి అపరాహ్ణమంతయు కేటాయించిరి. గ్రంథపఠనము తీరికవేళ పని కాదు, పూజవలె నిత్యకృత్యము అని దీనివలన స్పష్టమగుచున్నది. ఇంటిలో పూజ చేయువారు పెక్కురు కలరు. ఇజ్యకు పిదప స్వాధ్యాయము కలదని ఎరిగినవారు ఎందరో చెప్పుట కష్టము.

తత్త్వమును కథగ వినగోరువారికి సంకల్పసూర్యోదయము కలదు. కృష్ణమిశ్రుని ప్రబోధచంద్రోదయము అద్వైతపరమైన రూపకనాటకము. దానిని 15వ శతాబ్దమున నంది మల్లయ, ఘంట సింగయ అను జంటకవులు తెలుగు ప్రబంధముగ చేయుటచే తెలుగువారికి అది చిరపరిచితమైనది. దానికి దీటుగ దేశికులు పది అంకముల నాటకమును రచించిరి. వివేకుడు రాజు, సుమతి రాణి. మహామోహుడు శత్రువు, దుర్మతి వాని భార్య. కాముడు, క్రోధుడు, దంభుడు, దర్పుడు శత్రుపక్షపు భటులు. బంధములో చిక్కిన పురుషుని విడిపించుట వివేకుని పని. ఎంత పోరినను వివేకుడు తన బలముచేత మాత్రమే పురుషుని విడిపింపజాలడు. భగవంతుని సంకల్పమను సూర్యుడు ఉదయింపవలెను. ఆరవ అంకము యాత్రికులకు ముఖ్యమైనది. ధ్యానమునకు తగిన స్థలమును వెదకుచు వివేకుడు తర్కుడను సారథితో రథమెక్కి దేశమంతయు తిరుగును. క్షేత్రములను ఒక్కొక్కటిగ చూచును. చివరకు తగిన స్థలము హృదయగుహయే అని నిశ్చయించును. తిరుమలను, శ్రీరంగమును, కంచిని ఇంతగ స్తుతించిన కవియే ఈ అంకమును వ్రాసెనని గుర్తుంచుకొని చదువవలెను. ఈ నాటకమును వ్యాఖ్యలతో అడయారు గ్రంథాలయమువారు 1948వ సంవత్సరమున ముద్రించిరి. నంది మల్లయ, ఘంట సింగయలవంటి కవులు దీనికిని దొరకియున్నచో తెలుగునాట దీని అదృష్టము వేరుగ ఉండెడిదేమో.

తెలుగునాటితో నేరుగ సంబంధము కలది సుభాషితనీవి. కాకతీయ రాజ్యము పడిన పిదప తెలంగాణమున తలయెత్తిన రాజవంశములలో రాచకొండ పద్మనాయకులు ఒకరు. ఆ వంశమునకు చెందిన సింగభూపాలుడు దేశికుల కీర్తి విని ఉపదేశము కోరగా, రహస్యసందేశము మొదలగు చిన్న గ్రంథములతోపాటు సుభాషితనీవిని వ్రాసి పంపిరని సంప్రదాయము. విజయనగరమునకు రమ్మనిన వెళ్ళనివారు, అడిగిన రాజునకు గ్రంథము పంపుటకు సంకోచింపలేదు. పన్నెండు పద్ధతులు, పద్ధతికి పన్నెండు శ్లోకములు, చివర ఒకటి. నీవి అనగా మూలధనము, మూట. అనిపుణునితో మొదలగును. గర్విష్ఠుడు, ఖలుడు, దుర్వృత్తుడు, సేవింపదగనివాడు అని హేయమైనవారిని ముందు చూపి, పిదప మహాపురుషుడు, సమచిత్తుడు, నీతిమంతుడు, దాత, సుకవి అని పైకి తీసికొనిపోవును. ఏనుగును, అద్దమును, సముద్రమును, దీపమును చెప్పుచున్నట్లుండి మనుష్యునే చెప్పుట ఈ శ్లోకముల పద్ధతి. భర్తృహరి నీతిశతకము ఏనుగు లక్ష్మణకవి మొదలగువారి అనువాదములచే తెలుగు బడులలో నిలిచినది. తెలుగు రాజునకే వ్రాసి పంపిన ఈ నీతిగ్రంథము మాత్రము తెలుగువారికి దూరమైనది. శాస్త్రపరిచయము లేని గృహస్థుడు దేశికుల గ్రంథములలో దేనితో ఆరంభింపవలెనని అడిగిన, దీనినే చూపవలెను. దినమునకు ఒక శ్లోకము చొప్పున చదివినను అయిదు నెలలలో పూర్తియగును.

దేశము కుదుటపడుటకు దాదాపు అర్ధశతాబ్ది పట్టెను. శ్రీరంగనాథుని ఉత్సవమూర్తి ఊరూరు తిరిగి, తుదకు తిరుమల చేరి కొంతకాలము అచట పూజలందుకొనెను. తిరుమల ఆలయమున రంగనాయకమండపము ఆ అతిథికి నిలువనీడ యిచ్చిన స్థలమే. నేడు దాని ప్రక్కగ నడచిపోవువారిలో ఎందరికి ఆ సంగతి స్ఫురించునో. విజయనగర కంపరాయల దండనాయకుడైన గోపణార్యుడు ఆ మూర్తిని తిరుమలనుండి చెంజికి తెచ్చి, 1371వ సంవత్సరమున శ్రీరంగమున పునఃప్రతిష్ఠ చేయించెను. ఆ వృత్తాంతమును చెప్పు సంస్కృత శ్లోకములు ఆలయకుడ్యమున నేటికిని కలవు. అవి దేశికులవే అని సంప్రదాయము. గురుపరంపరలో దేశికుల పరమపదప్రాప్తి 1369వ సంవత్సరమున చెప్పబడినది. ఈ రెండు లెక్కలును పొసగుటలేదు. శాసనమును కాదనుటకు వీలులేదు, పరంపరను త్రోసివేయుటకు భక్తులకు మనసొప్పదు. శ్లోకము చెక్కించినవారు ఎవరైనను, ఆ పునఃప్రతిష్ఠకై జీవితాంతము ఎదురుచూచినవారిలో దేశికులు ముఖ్యులనుట నిశ్చయము.

వార్ధక్యమున వారు రచించిన మహాగ్రంథము రహస్యత్రయసారము. తిరుమంత్రము, ద్వయము, చరమశ్లోకము అను మూడింటి అర్థమును 32 అధికారములలో మణిప్రవాళమున వివరించిరి. పండితుల కొరకు తత్త్వముక్తాకలాపమును స్రగ్ధరా వృత్తములలో వ్రాసి, దానికి సర్వార్థసిద్ధి అను వ్యాఖ్యను తామే వ్రాసిరి. రహస్యత్రయసారము మాత్రము సంసారుల కొరకు వ్రాసినది. స్త్రీలును, శాస్త్రము చదువనివారును విని గ్రహింపవలెనను తలంపుతోనే సంస్కృతమును తమిళముతో కలిపిరి. ఆనాడు మార్గము సుగమము చేయుటకై ఎన్నుకొన్న భాషయే నేడు తెలుగువారికి అడ్డుగోడ అగుట విచిత్రము. పూర్వము మదరాసున ముద్రాపకులు సంస్కృత గ్రంథములను, మణిప్రవాళ గ్రంథములను సైతము తెలుగులిపిలో అచ్చువేసెడివారు. తెలుగు దేశపు పాతయిండ్లలో ఆ ప్రతులు ఇంకను కనబడుచుండును. పుటలు పట్టుకొనిన విరిగిపోవు స్థితిలో ఉండును. 1940 ప్రాంతమున కాంచీపురమునకు చెందిన ప్రతివాదిభయంకరం అణ్ణంగరాచార్యులు దేశికగ్రంథమాలయను పేర వీరి గ్రంథములను వరుసగ ప్రకటించిరి. అణ్ణంగరాచార్యులు తెంగలై సంప్రదాయమునకు చెందినవారు. దేశికులను తమ ప్రధానాచార్యులుగ ఎంచుకొనువారు వడగలైవారు. తరువాతి కాలమున తిలకభేదముతో వీధులలోను న్యాయస్థానములలోను కలహించుకొనిన ఇరుపక్షములను తలచుకొనిన, ఈ ఒక్క కార్యము ఎంతటిదో తెలియును. పిళ్ళై లోకాచార్యులు మూర్తిని మోసిన ఆపత్కాలముననే దేశికులు గ్రంథమును మోసిరి. ఇరువురి మార్గములును శ్రీరంగము వాకిటినుండియే బయలుదేరినవి.

దేశికులకు కుమారుడు వరదాచార్యులు. ఆయననే నయినారాచార్యులందురు. తండ్రి రచించిన అధికరణసారావళికి అధికరణచింతామణి అను వ్యాఖ్యను ఈయన వ్రాసెను. శిష్యులలో బ్రహ్మతంత్రస్వతంత్ర జీయరు ముఖ్యుడు. పరకాలమఠమునకు ఆదిగురువు ఆయనయే. దేశికులు ఆరాధించిన హయగ్రీవమూర్తి ఆ మఠమున పూజలందుకొనుచున్నది. అంత్యసమయమున దేశికులు కుమారుని ఒడిలో తల ఉంచి, జీయరు ఒడిలో పాదములు ఉంచి, తిరువాయ్‌మొళి పారాయణమును, ఉపనిషత్ పారాయణమును వినుచు ఆచార్యుల పాదములను ధ్యానించుచు పరమపదించిరి. నూరేండ్లు నిండిన ఆ జీవితమున వారు కూడబెట్టిన ఆస్తి తాటాకుల కట్టలు మాత్రమే. కుమారుడును శిష్యుడును పాఠము సాగించిరి.